పలుకుకోనలో మిగిలిన గొంతు

తలమీద రాళ్ళగంప, ఒంటిమీద ఎర్రంచు ముతకచీర, ముక్కుకు అరువు తెచ్చుకున్న నత్తు! శిలావతీ రాజ్య యువరాజు చిత్రబాహుడు ఆ ఉదయం ఈ వేషంలో, నలభైమంది రాళ్ళుకొట్టే ఆడవాళ్ళ వరుసలో చివరగా నడుస్తున్నాడు. కత్తి పట్టాడంటే ఒంటిచేత్తో పదిమందిని నిలవేయగల వీరుడు. జీను లేని గుర్రాన్ని కొండవాలులో దౌడు తీయించగల రౌతు. అంతటివాడికి చీరకుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకోకుండా నాలుగడుగులు వేయడం మాత్రం చేతకావడం లేదు.

"ఓ కొత్తకోడలా, అంగలు కాస్త తగ్గించు. నువ్వు నడుస్తుంటే చెరుకుతోటలో ఏనుగు పడ్డట్టుంది," అంది ముందు నడుస్తున్న పైడక్క. వరుసంతా కిసుక్కుమంది.

నవ్వులాటకు వేసిన వేషం కాదది. నలభై రోజుల కిందట ముసలిరాజు పడుకున్న మంచం మీదే పొగకు ఉక్కిరిబిక్కిరై ప్రాణం విడిచాడు. ఆ పొగ ఎవరిదో ఊరంతటికీ తెలుసు. మనిషి ఆకారం వదిలి పొగగా మారగల మాంత్రికుడు ధూమ్రకేశుడు మర్నాటి నుంచే రాజముద్ర చేత పట్టుకుని, యువరాజు కోసం అడవులూ గుహలూ గాలించసాగాడు. కోటగోడ దూకి పారిపోయిన చిత్రబాహుణ్ణి రాతిగనిలో దాచి, చీర కట్టించి, తన కోడలని చెప్పి కాపాడింది గంగసాని. వరుసకు అందరికంటే ముందు, సుత్తి భుజాన వేసుకుని నడుస్తున్నది ఆమే.

ఆమెను చూస్తే ఏముంది! యాభైఎనిమిదేళ్ళ బక్కపలచని మనిషి. రాతిదుమ్ము మింగీ మింగీ గొంతు బొంగురుపోయింది. రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గు. అయినా ఆ గొంతు వినబడితే చాలు, శిలావతీపురంలో ఆడవాళ్ళు పొయ్యిమీది ఎసరు దించి మరీ వీధిలోకి వచ్చేవారు. పన్నెండేళ్ళుగా ఆమె ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నది ఒకే మాట: "ఏలేవాణ్ణి ఎంచుకునే కేకలో మన గొంతెందుకు లేదు?"

శిలావతిలో సింహాసనం తండ్రి నుంచి కొడుకుకు దానంతటది రాదు. పన్నెండేళ్ళకోసారి కేకదినం వస్తుంది. ఆ రోజు మగవాళ్ళంతా పలుకుకోన అనే ఇరుకులోయలో చేరి, తమకు కావలసినవాడి పేరు ఒక్కపెట్టున కేక వేయాలి. లోయ మధ్య తోలు బిగించిన కంచుకుండ ఒకటి ఉంటుంది. ఆ తోలు మీద నడిమధ్య గుప్పెడు ఆవాలు పోస్తారు. కేక అదురుకు ఆవాలు ఎగిరెగిరి, చుట్టూ గీసిన గీతల్లో ఎన్నో గీత దాటితే ఆ పేరుకు అంత బలం. ఎవరి పేరుకు ఆవాలు ఎక్కువ దూరం ఎగిరితే వాడే రాజు. పేరుగలవాడు ఎదుట ఉన్నా లేకపోయినా ఒకటే, బతికి ఉంటే చాలు. ధూమ్రకేశుడు యువరాజు తలకోసం అంత తహతహలాడటం అందుకే.

మరి ఆడవాళ్ళు? వాళ్ళ గొంతు లేస్తే కొండ కూలుతుందట! ఎప్పుడో రెండువందల ఏళ్ళ కిందట ఒక రాణి అక్కడ నోరు విప్పిందట, బండ దొర్లి పడిందట. చూసినవాడు లేడు, చెప్పనివాడూ లేడు. పోయిన కేకదినాన గంగసాని లోయ గుమ్మం దాకా వచ్చి నిలబడినందుకు మూడు నెలలు ఇనుపబోనులో పెట్టి ఊరూరా తిప్పారు. బోను దిగిన మర్నాడే ఆమె మళ్ళీ ఇంటింటి తలుపూ తట్టింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగేది లేదు. లోపలికి వెళ్ళాలి, నోరు విప్పాలి, ఆవాలు ఎగరాలి. "ఇంకో పన్నెండేళ్ళు ఈ రొమ్ము ఆగదు. నాకున్నది ఇదొక్క దినం," అని నలభైమందికీ చెప్పే బయలుదేరింది.

కేకకు ముందు లోయలో వదులు రాళ్ళు ఏరి శుభ్రం చేసేది రాళ్ళుకొట్టే ఆడవాళ్ళే కనుక శంఖం ఊదేదాకా వాళ్ళు లోపల తిరగవచ్చు. ఆ పని చాటునే అందరూ గుమ్మం దగ్గరికి చేరారు.

గుమ్మం దగ్గర కావలినాయకుడి భుజం మీద ఎర్రకళ్ళ డేగ ఒకటి కూర్చుని ఉంది. దాని పేరు రక్తగంధి. రాజరక్తం వాసన ఏ వేషంలో ఉన్నా పసిగట్టేలా ధూమ్రకేశుడు మంత్రించి పంపిన పక్షి. నలభైమందీ దాటేదాకా అది కునికిపాట్లు పడుతూనే ఉంది. చిత్రబాహుడు గడపలో అడుగు పెట్టగానే రివ్వున లేచి, కీచుమని అరుస్తూ అతని గంప మీద వాలింది!

బల్లేలు ఒక్కసారి ఇటు తిరిగాయి. యువరాజు చెయ్యి అలవాటు చొప్పున లేని కత్తి కోసం నడుము తడుముకుంది. ఇంతలో గంగసాని గిర్రున వెనక్కి తిరిగి, నాలుగంగల్లో వచ్చి, అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

"దొంగమొహమా! మళ్ళీ గంపలో ఎండుచేపలు దాచుకొచ్చావా? నిన్ను పనికి తీసుకొస్తున్నానా, విందుకు తీసుకొస్తున్నానా? నా కొడుకు ఖర్మకొద్దీ దొరికావు కదే!" అంటూ తన రొండినున్న ఎండుచేపను, గంపలోంచే తీసినట్టు తీసి దూరంగా విసిరేసింది. ఆకలిమీదున్న డేగ రాజరక్తం సంగతి మరిచి చేప వెంట పడింది.

చిత్రబాహుడు తల వంచుకుని, "తప్పయిపోయింది అత్తా," అన్నాడు సన్నని గొంతుతో.

కావలినాయకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "రాజరక్తమైతే రాళ్ళుకొట్టేదాని చెంపదెబ్బ తిని తప్పయిందంటుందా? పోండి, పోండి!"

గుమ్మం దాటాక గంగసాని మెల్లగా అడిగింది. "గట్టిగా తగిలిందా నాయనా?"

"మా తండ్రిగారు కూడా నన్నెన్నడూ కొట్టలేదమ్మా."

"అదే మరి. ఇంత వయసొచ్చాక తగిలితే నొప్పే," అంది ఆమె, దగ్గుతో కూడిన నవ్వు నవ్వి.

లోపల పలుకుకోన! ఇరువైపులా ఆకాశాన్ని అంటుకున్న రాతిగోడలు. తేనెరంగు, పసుపు, మోదుగుపూల ఎరుపు చారలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు మెరుస్తున్నాయి. ఎక్కడో పైన పుట్టిన సన్నని నీటిధార సగందాకా దిగి తుంపరై గాలిలో కలిసిపోతోంది. ఆ తుంపరలో ఇంద్రధనుస్సు ముక్క ఒకటి వేలాడుతోంది. గవ్వ విసిరితే గంట మోగినట్టు మోగే చోటు. లోయ నడుమ పట్టుగొడుగు కింద కంచుకుండ, ఎదురుగా ధూమ్రకేశుడి కోసం వేసిన నల్లతోలు ఆసనం. ఆ రెండింటికీ నడిమిన, తలెత్తి చూస్తే ఇరవై నిలువుల ఎత్తున గుర్రపుతల బండ.

గంగసాని దాన్ని చూసింది, చూసి గొడ్డలి వేటు తిన్నట్టు ఆగిపోయింది. వెంటనే చెయ్యెత్తి, గుసగుసగా, "ఎవ్వరూ పాట ఎత్తకండి. ఈవేళ పాట లేదు," అంది.

నలభైమందీ నోళ్ళు మూసుకున్నారు. బండ లాగితే "కదుల్ కదుల్ బండా, హోయ్" అని గొంతెత్తకుండా లాగిన రోజు వాళ్ళ బతుకులో లేదు. ఇదే లోయలో, వాళ్ళ అమ్మలూ అమ్మమ్మలూ రెండువందల ఏళ్ళుగా ఆ పాట పాడుతూనే రాళ్ళు ఎత్తిపోశారు. అది పని కింద జమ అయిందే గాని గొంతు కింద ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ చోద్యం మొదట పట్టుకున్నది గంగసానే. "మగాళ్ళ కేకలకు రాలిన రాళ్ళెన్నో నన్నడగండి, ఎత్తిపోసింది నేను. మా పాటకు రాలిన రాయి ఒక్కటి చూపించండి," అని ఆమె అడిగితే శిలావతీపురం పండితులు పంచాంగాలు తిరగేస్తూ కూర్చున్నారు.

"నాయనా, అదిగో, బండ మెడ దగ్గర తెల్లటి దుమ్ము కనబడుతోందా? నిన్న సాయంత్రం లేదది. ఎవరో కొత్తగా తొలిచి మేకు దించారు," అంది గంగసాని.

చిత్రబాహుడు కళ్ళు చికిలించాడు. నల్లటి ఇనుపమేకు, దాని తలమీద పొగమెలికల గుర్తు. "ధూమ్రకేశుడి మంత్రపుమేకు! ఇలాంటిదాన్ని మా కోట ద్వారానికి కొట్టి చూపించాడోసారి. దాని చెవిలో ఏ గొంతు పేరు చెబితే ఆ గొంతు పైకి లేవగానే ఊడివస్తుంది, గుసగుసలకు కదలదు. దీనికి ఆడగొంతు చెప్పి ఉంటాడు. అమ్మా, ఈవేళ నోరు విప్పావంటే ఆ బండ నీ నెత్తినే పడుతుంది. ఊరంతా చూస్తుంది. ఇంకో రెండువందల ఏళ్ళు ఆ మాటే చెప్పుకుంటారు."

గంగసాని ముఖం వాడిపోతుందనుకున్నాడు. వాడిపోలేదు సరికదా, పెదవుల మీద నవ్వు మొలిచింది.

"పిచ్చివాడా, కొండ దానంతటది కూలేదైతే వాడికి ఈ మేకెందుకురా? వాడు కూడా నమ్మడం లేదన్నమాట! ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే నమ్మనిదాన్ని అనుకున్నాను," అంది. చిత్రబాహుడికి ఆ క్షణాన ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. కుచ్చెళ్ళు అడ్డమొస్తాయని ఊరుకున్నాడు.

తరవాత ఆమె మాటలు గుసగుసగానే, సుత్తిదెబ్బల్లా గబగబా పడ్డాయి. "మేకు ముట్టుకోకు, ముట్టుకుంటే బండ నీతో పాటే వస్తుంది. ఎడమగోడ వెంట చీలిక ఉంది, ఎక్కు. ఈ మూడు ఆపురాళ్ళూ తీసుకో. బండ పెదవి కింద మూడు సందులుంటాయి. సన్నమొన లోపలికి పెట్టి దిగ్గొట్టు. మూడూ దిగితే మేకు ఊడినా బండ ఊడదు. దిగాక పైటచెంగు ఊపు. అప్పుడు నేను నోరు విప్పుతాను."

మూడు రాళ్ళూ, గంపలోని చిన్నసుత్తీ ఒళ్ళో కట్టుకుని, చీర గోచీ పోసి చిత్రబాహుడు చీలికలో దూరాడు. అది ఎక్కడమా, చావుతో దోబూచులాటా! అరచెయ్యి ఆనితే రాలిపోయే రాయి, అడుగు పెడితే జారే నాచు. సగం ఎక్కేసరికి పట్టుకున్న అంచు చేతిలోకి ఊడివచ్చింది. ఒంటిచేత్తో వేలాడుతుండగా పక్కబొరియలోంచి రాచనాగు పడగ ఎత్తింది. యువరాజు నోటితోనే ముక్కునత్తును ఊడబెరికి దాని కళ్ళల్లోకి ఊశాడు. పాము తలతిప్పిన రెప్పపాటులో కాలు తన్నిపెట్టి పైమెట్టు అందుకున్నాడు.

అతను బండ కిందికి చేరేసరికి శంఖం మోగింది. మగవాళ్ళు వెల్లువలా లోపలికి వచ్చి నిండారు. సైనికులు ఆడవాళ్ళను గోడవారకు తోశారు, బయటికి తోసే తీరిక లేకపోయింది. ధూమ్రకేశుడు వచ్చి నల్లతోలు మీద కూర్చున్నాడు. ఆవాల పెద్ద కొమ్మన, ఎనభైఏళ్ళ ముసలివాడు, కుండ ముందు గొంతుక్కూర్చుని ఆవాలు పోశాడు. ఆవాలు కదలడం మొదలై మళ్ళీ ఆగేదాకా ఆ పదవిలో ఉన్నవాడు కన్ను తిప్పకూడదు, పిడుగు పడినా లేవకూడదు. అది వాళ్ళ వంశవ్రతం.

"ధూమ్రకేశుడు!" అన్న కేకకు లోయ దద్దరిల్లింది. సైనికుల బల్లేలు వీపులకు తగులుతుంటే అరవక ఏం చేస్తారు పాపం! పైనుంచి మూడు గులకరాళ్ళు రాలాయి, ఎవరూ చూడలేదు. "అయిదో గీత," అన్నాడు కొమ్మన. చిత్రబాహుడు ఆ హోరులోనే మొదటి ఆపురాయి దిగ్గొట్టాడు.

"చిత్రబాహుడు!" రెండో కేక బల్లేలకు భయపడుతూనే లేచినా, నిలువెత్తున లేచింది. "అయిదో గీత," అన్నాడు కొమ్మన మళ్ళీ. సరిసమానం! జనం గుసగుసలాడారు. రెండో రాయి కూడా దిగింది. మూడోది సందులో పెట్టబోతుండగా కీచుమన్న అరుపు. రక్తగంధి! ఈసారి చేప లేదు. గోళ్ళు అతని భుజంలో దిగాయి, సుత్తి చెయ్యిజారి కింద గోడవార పడింది.

కింద కొమ్మన ఆచారం ప్రకారం ఆఖరిమాట అడిగాడు. ప్రతి కేకదినాన అడిగేదే. రెండువందల ఏళ్ళుగా ఎవరూ బదులు చెప్పనిదే.

"ఇంకెవరి గొంతైనా మిగిలిందా?"

గంగసాని పైకి చూసింది. పైటచెంగు ఊగలేదు. డేగతో పెనుగులాడుతున్న చిత్రబాహుడు వద్దు, వద్దని తల అడ్డంగా ఊపాడు. అది ఆమెకు కనబడింది. ధూమ్రకేశుడు ఆసనం మీద ముందుకు వంగి, మీసం చాటున నవ్వుతున్నాడు. కొమ్మన ఆవాలు ఎత్తడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఆవాలను తాకితే మళ్ళీ పన్నెండేళ్ళు.

ఆమె సుత్తి కింద పడేసి, సైనికుడి బల్లెం కింద నుంచి దూరి, తిన్నగా గుర్రపుతల బండ నీడలోకి నడిచి నిలబడింది.

"మిగిలింది!"

బొంగురు గొంతు. మాట చివర దగ్గు. అయినా పలుకుకోన దాన్ని అందుకుని ఏడుసార్లు పలికింది.

ఫెళ్ళున మేకు ఊడి, నిప్పులు కక్కుతూ వచ్చి ఆమె పాదాల దగ్గర పడింది. బండ ముందుకు ఒరిగింది. రెండు ఆపురాళ్ళూ కిర్రుమని దాన్ని పట్టుకున్నాయి గాని మూడో సందు ఖాళీ. చిత్రబాహుడు డేగను మెడపట్టి విసిరికొట్టి, ఆ సందులోకి తన భుజాన్నే దూర్చి, కాళ్ళు గోడకు తన్నిపెట్టాడు. ఎముకలు కరకరలాడాయి.

"కొండ కూలింది! కొండ కూలింది!" లోయలో మగవాళ్ళు ఒకరిమీద ఒకరు పడుతూ గుమ్మంవైపు పరుగులు తీశారు. అందరికంటే ముందు పరిగెత్తింది బల్లేలు పట్టిన సైనికులే! ధూమ్రకేశుడు "ఆగండి, ఆమెను పట్టండి!" అని గొంతు చించుకున్నాడు. ఎవరాగుతారు? నలభై రోజులుగా కొండ కూలుతుందని చాటింపు వేయించింది తనే కదా. తవ్వుకున్న గోతిలో తానే పడ్డాడు.

పరిగెత్తనివాళ్ళు ముప్పైతొమ్మిదిమంది. పైడక్క ముందు, మిగతావాళ్ళు వెనక, వచ్చి బండ నీడలో గంగసాని చుట్టూ నిలబడ్డారు.

"పోండే, మీకు పిల్లలున్నారు!" అని కసిరింది గంగసాని.

"నీకు గొంతు లేదు కదక్కా. మేం అందుకుంటాం," అంది పైడక్క. అని పాట ఎత్తింది. రోజూ పాడే పాటే గాని ఈవేళ మాట మార్చింది.

"నిలునిలు బండా..."

"హోయ్!" అన్నారు అందరూ.

"మా తల్లీ నిలబడు..."

"హోయ్!"

పైన చిత్రబాహుడి భుజం విరిగేలా ఉంది. ఆ "హోయ్" పడ్డప్పుడల్లా ఊపిరి పట్టి నెట్టాడు. మగవాళ్ళంతా పారిపోయిన లోయలో నలభైమంది ఆడవాళ్ళ గొంతు గోడల నిండా పాకింది. బండ ఒక్కసారి మూలిగి, ఉన్నచోటనే ఆగింది.

కొమ్మన లేవలేదు. వ్రతం ప్రకారం ఆవాలవంకే చూస్తున్నాడు. అవి చిటపటలాడుతూ నాలుగో గీత దాటాయి, అయిదు దాటాయి, ఆరు దాటాయి. ఆగేదాకా ఆగి, ముసలివాడు మొదటిసారి తలెత్తాడు. ఒరిగిన బండనూ, గంగసాని కాలి దగ్గర పొగలుకక్కుతున్న మేకునూ, దానిమీది గుర్తునూ చూశాడు. ధూమ్రకేశుణ్ణి చూశాడు.

"రాయి పడలేదు, మేకు పడింది," అన్నాడు. "అమ్మా, ఏడో గీత. నేనూ, నా తండ్రీ, తాతా చూడని గీత. ఈ గొంతు లెక్కలోకి వచ్చింది."

గంగసాని ఆ మాట విని కుండ అంచు పట్టుకుని కూలబడింది. బోనులో ఊరేగించినప్పుడు కూడా రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. పైటకొంగు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ముప్పైతొమ్మిది జతల చేతులు ఆమె వీపు నిమిరాయి.

ధూమ్రకేశుడు అది చూస్తూ కూర్చోలేదు. "ఎవడురా ఆ బండ మోసేది!" అని పైకి చూసి పళ్ళు కొరికాడు. మరుక్షణం ఆసనం ఖాళీ. నల్లటి పొగ ఒకటి కొండచిలువలా ఎడమగోడ పట్టుకుని పాకడం మొదలుపెట్టింది. మెట్టు మెట్టుగా, చిత్రబాహుడి కాళ్ళవైపు.

కొమ్మన గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరు మగవాళ్ళ పేర్లూ అయిదో గీత దగ్గర సమానంగా ఉన్నాయి. మీరు ఎవరి పేరంటే వాడే రాజు. ఎవరి పేరు కేక వేస్తారమ్మా?"

పైన చిత్రబాహుడు ఆశగా చెవులు రిక్కించాడు. ఇంకెవరి పేరు! దాచింది ఈ తల్లి, చీర కట్టింది ఈ తల్లి. పొగ అతని మడమలను తాకింది, చల్లగా, తడిగా. ఇంకొక్క మాట, అంతే.

గంగసాని కళ్ళు తుడుచుకుని లేచింది. తలెత్తి యువరాజును ఒకసారి చూసింది. బండను ఒకసారి చూసింది.

"నాయనా, ఆ బండ ఇంకో ఘడియ ఆగుతుంది. నువ్వూ ఆగు," అని పైకి కేకేసి, కొమ్మన వైపు తిరిగింది. "ఇప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు తాతా. అందుకని మేం మాట్లాడుకోనూ లేదు. కాస్త ఉండు, నలభైమందిమీ కూర్చుని అనుకుని చెబుతాం."

ఆడవాళ్ళు గుండ్రంగా చతికిలబడ్డారు. "ముందు ఆ అబ్బాయి సంగతి తేల్చండి. వాడికి అంట్లగిన్నె ఒక్కటి తోమడం చేతకాదు," అన్న పైడక్క మాటను కోనంతా ఏడుసార్లు పలికింది. పొగ మోకాళ్ళ దాకా పాకింది. చిత్రబాహుడు పళ్ళు బిగించి, బండ కింద భుజం మార్చుకున్నాడు.